కర్పూరం వెలిగించి రైజ్ చేసిన ఇంజన్

ఎక్కువ చుట్లు తిరిగే ఇంజన్ తొందరగా పోతుందని మీకెవరు చెప్పారో గానీ, చెప్పినవాళ్లను ఒకసారి నా దగ్గరికి పంపండి. టీ ఇప్పించి, కూర్చోబెట్టి, ధర్మవరం ఎర్రకారు సంగతి చెబుతాను. బతుకంతా ఇంజన్లు దించి, విప్పి, ఎక్కించినవాణ్ని. హిందూపురంలో మా వర్క్‌షాప్‌కు వచ్చిన బండ్లలో చాలావాటిని మరిచిపోయాను, వాటి యజమానుల్ని ఇంకా తొందరగా మరిచిపోయాను. ఈ ఒక్కటి మాత్రం రిటైరై ఇంట్లో కూర్చున్నా నన్ను వదల్లేదు. ఇప్పుడిప్పుడే స్పానర్ పడుతున్న మీలాంటివాళ్లు ఫోన్లో వీడియోలు చూసి, "స్పోర్ట్స్ కారు ఇంజన్ ఎన్నేళ్లు బతుకుతుంది మేస్త్రీ?" అని అడుగుతూ ఉంటారు. ఎవరింట్లో పడిందో చెప్పండి, ఎన్నేళ్లో చెబుతాను.

మా షాపు పెనుకొండ రోడ్డులో ఉండేది. ఓనరును అందరం భాయ్ అనేవాళ్లం. వాళ్ల నాయన లారీ ఇంజన్లతో మొదలుపెట్టిన షాపు అది. నేను హెడ్ మేస్త్రీని. నా తర్వాత చెప్పుకోవలసినవాడు బోరింగ్ మిషన్ ఆయన, గోరంట్ల మనిషి. ఇంజన్లో పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం అరిగిపోతే, లోపలి గోడను సన్నగా చెక్కి నున్నగా చేసి, కాస్త పెద్ద పిస్టన్ వేస్తాం. దాన్నే బోరు కొట్టడం అంటాం. ఆ పనిలో ఆయన చెయ్యి బంగారం. ఒకటే చిక్కు, ఏ ఇంజన్ చూసినా ఆయనకు బోరు కొట్టాలనిపిస్తుంది. హారన్ మోగడం లేదని బండి తెచ్చినా ముందు బోరు చూద్దాం అంటాడని ఏడిపించేవాళ్లం. ఆయన కూడా మాతో కలిసి నవ్వేవాడు, నవ్వుతూనే మిషన్‌కు నూనె వేసుకునేవాడు.

ఒక ఎండాకాలం ఉదయం ఆ ఎర్రకారు మా గేటు ముందు ఆగింది. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు, వెనకాల నీలం పొగ. స్టీరింగ్ పట్టుకుని ఉన్నది ముప్పై ఏళ్లు దాటిన ఆడమనిషి. పక్క సీట్లో నుంచి తలుపు పట్టుకుని కష్టపడి పైకి లేచినాయన ఆమె మామ, ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న పెద్దమనిషి. బండి కొన్నది ఆయన. ఎక్కడో బెంగళూరులో ఆ ఇంజన్ మోత విని మనసు పారేసుకుని, వాడిన బండే అయినా బేరం చేసి ఇంటికి తెచ్చుకున్నాడు. తీరా చూస్తే ఆయనకు డ్రైవింగ్ రాదు, కొడుకుకు ఆ బండంటే భయం. కోడలికి మాత్రం భయం లేదు. అందుకని మామే ఆమెను డ్రైవింగ్ స్కూల్లో చేర్చి, దగ్గరుండి నేర్పించాడు.

ఆయన దిగగానే నా దగ్గరికి వచ్చి పంచె సర్దుకున్నాడు.

"ఏమప్పా మేస్త్రీ, ఇది నూనె తాగతాండాది. ఈయమ్మ తొక్కి తొక్కి దీని పానం తీసింది. నిమిషానికి ఎనిమిది వేల చుట్లంట! ఇనుమైతే మాత్రం నిలుస్తాదా? నువ్వు ఇప్పి చూసి ఒక మాట చెప్పు. తొక్కబట్టే పోయిందంటే దీన్ని అమ్మేస్తా. ఇంగ మా ఇంట్లో ఆడోళ్ల చేతికి బండి తాళం ఇచ్చేది లేదు."

కోడలు తాళం తెచ్చి నా బల్ల మీద పెట్టి పక్కకు నిలబడింది.

గోరంట్లాయన పొగ చూడగానే తేల్చేశాడు. "బోరు పోయింది. రేపు సాయంత్రానికి కొట్టిస్తా" అన్నాడు. భాయ్ తల ఊపాడు. నాకు ఒక అలవాటు ఉంది. ఎవరేం చెప్పినా, ముందు ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూస్తాను. మనిషి నాలుక చూసినట్టే అనుకోండి. విప్పితే, మూత అడుగున పాలు ఎక్కువైన కాఫీ మీద కట్టిన మీగడలాంటి జిడ్డు. వేలితో తీసి వాసన చూశాను. నూనెలో పెట్రోలు వాసన.

ఇక్కడ మీరు ఒక సంగతి పట్టుకోవాలి. ఇంజన్లో పెట్రోలు మండినప్పుడు లోపల కొంచెం నీటి ఆవిరి పుడుతుంది, కొంచెం పెట్రోలు నూనెలోకి జారుతుంది. దూరం నడిపితే నూనె బాగా వేడెక్కి రెండూ ఎగిరిపోతాయి. స్టార్ట్ చేసి, వేడెక్కకముందే ఆపేస్తే రెండూ లోపలే మిగిలి ఇలా మీగడ కడతాయి. తొక్కి నడిపిన బండికి ఈ రోగం రాదు. అసలు కదలని బండికీ రాదు. రోజూ కాసేపు లేపి పడుకోబెట్టే బండికే వస్తుంది.

పెద్దాయన పట్టుగూళ్ల మార్కెట్‌లో ఎవరినో పలకరించాలని వెళ్లాక నేను ఆమెను అడిగాను.

"దీన్ని దినామూ స్టార్ట్ చేస్తాండావా అమ్మా?"

"ఉగాది నుంచి తాళమే నా చేతికి ఇయ్యలేదన్నా. పొగ కనపడిన దినం తీసుకున్నాడు మామ. ఈ పొద్దు ఈడికి తోలుకొచ్చేకి ఇచ్చినాడు."

"మరి ఎవరు లేపుతాండారు దీన్ని?"

ఆమె షాపు కప్పు వైపు చూసింది. "అది నేను చెప్పేది కాదన్నా. నువ్వే ఒకసారి మా ఇంటికి రా. షెడ్డు చూడు."

"నువ్వు చెప్పేస్తే నాకు రైలు ప్రయాణం తప్పుతుంది కదమ్మా."

"మా పుట్టింట్లో నన్ను సైకిల్ కూడా తొక్కనీలేదన్నా. ఈ మామే పక్కన కూచోని స్టీరింగ్ పట్టుకోమన్నాడు. ఊరంతా నవ్వినా లెక్క చేయలేదు. అట్లాటాయన ఇప్పుడు నన్ను చూసి మొగం తిప్పుకుంటాండాడు. బండి పోతే పోనీ, అది నాకు కష్టంగా ఉండాది. ఆయన మింద నేను చెప్పలేను."

ఆ మాటతో నాకు ఆ ఇంజన్ మీద పంతం పుట్టింది. ఇంజన్ దించి విప్పి పెట్టమని, నేను వచ్చేదాకా మరేమీ చేయవద్దని షాపులో చెప్పి, మర్నాడు పొద్దున రైలెక్కి ధర్మవరం పోయాను.

వాళ్ల వీధి నిండా మగ్గాల చప్పుడు. ఇల్లు వెతుక్కోవలసిన పని పడలేదు, కారు షెడ్డున్న ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. పెద్దాయన నన్ను చూసి ఆశ్చర్యపోయి, కూర్చోమని మజ్జిగ తెప్పించాడు. నేను గ్లాసు చేత్తో పట్టుకునే షెడ్డులోకి వెళ్లాను. వెనక గోడకు తెల్లసున్నం. ఆ గోడ మీద మోకాలి ఎత్తులో, సరిగ్గా సైలెన్సర్ గొట్టాలు వచ్చే చోట, పక్కపక్కనే రెండు నల్లటి మచ్చలు. మసి మీద మసి పడి ఎన్నాళ్లనుంచో పేరుకున్నవి. ముందు వైపు నేల మీద కుంకుమ, వాడిన బంతిపూలు, కర్పూరం కాలిన గుర్తులు.

నేను అడగకముందే ఎదురింటి మగ్గం ఆయన భార్య వచ్చి పెద్దాయన్ని అడిగింది. "బండి ఎప్పుడొస్తాది పెద్దయ్యా? ఆ మోత లేక ఈ పొద్దు మా ఇంటాయన తెల్లారినా లేయలేదు."

పెద్దాయన మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి గర్వంగా చెప్పాడు. "దినామూ తలకు పోసుకొని, పూజ చేసుకొని, నేరుగా ఈడికి వస్తానప్పా. కర్పూరం ఎలిగించి, బండి స్టార్ట్ చేసి, మూడు తూర్లు బాగా రైజ్ చేస్తా. గేరు న్యూట్రల్‌లో పెట్టి తొక్కేది కోడలే నేర్పిచ్చింది. ఆ సద్దు వీధి చివరిదాకా పోతాది. లక్ష్మీదేవి గడప దాటి లోపలికి వచ్చినట్లే ఉంటాది నాకు. మల్లా ఆపేస్తా. అంతే, తిప్పను, అరగనియ్యను. కొన్నప్పటి నుంచి ఒక్క దినం తప్పలే."

నేను మజ్జిగ తాగేశాను. అప్పటికప్పుడు చెప్పేయవచ్చు. కానీ ఎదురింటామె అక్కడే నిలబడి ఉంది, పైగా ఇంజన్ లోపల ఇంకా చూడలేదు. చూడకుండా చెప్పే అలవాటు నాకు లేదు. వస్తానని చెప్పి బయటకొచ్చి షాపుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. మా షాపులో ఫోన్ మోత వినపడనిది ఒక్క బోరింగ్ మిషన్ దగ్గర హడావిడిగా ఉన్నప్పుడే. నేను స్టేషన్‌కు పరిగెత్తాను.

ఎందుకంటే ఆ జాతి ఇంజన్‌కు గొట్టం లోపలి గోడే ప్రాణం. అన్ని చుట్లు తట్టుకోవడానికి కంపెనీవాళ్లు దాని మీద ఒక గట్టి పొర వేసి ఉంటారు. లారీకి కొట్టినట్టు బోరు కొడితే ఆ పొర లేచిపోతుంది. మళ్లీ వేయడం మా జిల్లాలో ఎవరి తరమూ కాదు. రైలు పెనుకొండలో ఆగినప్పుడు దిగి దాన్ని వెనక నుంచి తోద్దామా అనిపించింది.

స్టేషన్ నుంచి ఆటోలో షాపుకు వచ్చి పడేసరికి, అనుకున్నంతా అయింది. ఇంజన్ బ్లాకు మిషన్ మీద బిగించి ఉంది. గోరంట్లాయన చెక్కే కత్తిని గొట్టం నోటి దాకా దించి, స్విచ్ మీద చెయ్యి వేయబోతున్నాడు. నేను నేరుగా పోయి నా చెయ్యి ఆ గొట్టంలో పెట్టాను.

"చెయ్యి తీ మేస్త్రీ. సెంటర్ కుదిర్చినా" అన్నాడాయన.

"తీయను. నువ్వు స్విచ్ కట్టెయ్."

భాయ్ గదిలోంచి వచ్చాడు. "ఏం మేస్త్రీ, పెద్దమనిషి తొందరగా చేసియ్యమన్నాడు. పొగ వస్తే బోరు కొడతాం. ఇది మా నాయన కాలం నుంచి ఉండేదే కదా?"

"లారీకి భాయ్. ఇది లారీ కాదు."

టార్చి తీసుకుని గొట్టంలోకి వేశాను. గోడ మీద సన్నటి అడ్డగీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, నిన్ననే గీసినట్టున్నాయి. నూనె నిలవడానికి కంపెనీవాళ్లు గీసే గీతలవి. గోడ అరిగితే ముందు పోయేవి అవే. గోరంట్లాయన టార్చి నా చేతిలోంచి లాక్కున్నాడు. నాలుగు గొట్టాలూ చూశాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"అరగలే" అన్నాడు. "భాయ్, ఇది అరగనే లేదబ్బా! కంపెనీ గీతలు అట్లే ఉండాయి. దీనికి బోరు కొడితే నన్ను ఎవరైనా కొట్టల్ల."

ఆయన బోరు వద్దన్న మొదటి ఇంజన్ అదేనని మేం చాలాకాలం చెప్పుకున్నాం. ఆయన గొప్ప పనివాడని నేననేది అందుకే. కళ్లతో చూశాక మాట మార్చుకోగలిగినవాడే మంచి పనివాడు, ఆ గుణం ఆయనకుంది.

తర్వాత మిగతావి కలిసి చూశాం. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు తారులాంటి మడ్డిలో అతుక్కుపోయి కదలడం లేదు. పొగ అక్కడి నుంచే. తిరిగే కడ్డీల కింద ఉండే బేరింగులు, అంటే ఎక్కువ చుట్లకు మొదట దెబ్బతినేవి, అద్దంలా ఉన్నాయి. పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ మీద మాత్రం గీరుకుపోయిన గీతలు. రాత్రంతా కిందికి దిగిపోయిన చల్లటి నూనె పైకి ఎక్కకముందే ఎవరో మూడుసార్లు గట్టిగా తొక్కారని ఆ గీతలు చెబుతున్నాయి.

పెద్దాయన్ని, కోడల్ని రమ్మన్నాం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి సామాన్లన్నీ వరుసగా పెట్టాను. మామ ముందుకొచ్చాడు. కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"చెప్పప్పా. తొక్కబట్టే పోయిందా, లేదా?" అన్నాడాయన.

"ఆ యమ్మ తొక్కడం వల్ల పోలేదయ్యా. ఇంకో మాట చెప్పాలంటే, అప్పుడప్పుడూ ఆ యమ్మ దూరం తిప్పబట్టే ఇన్నాళ్లు బతికింది. ఉగాది నుంచి అదీ లేక రోగం ముదిరింది."

"అయితే ఎవరు చెడిపినట్లు?"

గోరంట్లాయన నేల చూశాడు. భాయ్‌కు ఎవరో పిలిచినట్టు అనిపించి గదిలోకి వెళ్లాడు. నేనే చెప్పాలి, చెప్పాను.

"పొద్దున్నే మీరు చేసే పూజ అయ్యా."

ఆయన ఎర్రబడ్డాడు. "నా పూజ తప్పంటావా? ఏం మాట్లాడతాండావు నువ్వు?"

"పూజ తప్పు కాదు. కర్పూరం తప్పు కాదు. ఆ తర్వాత మూడు తూర్లు తొక్కేది తప్పు. మీరింకా మంచం దిగకముందే పెనుకొండ కోట పైకి పరిగెత్తమంటే పరిగెత్తుతారా? ముందు లేయల్ల, నాలుగడుగులు నడవల్ల, ఒళ్లు వేడెక్కల్ల. దీనికీ అంతే. బాగా వేడెక్కినాక ఎనిమిది వేలు తిప్పినా ఏమీ కాదు. దాని కోసమే కట్టినారు దీన్ని. వేడెక్కకముందు తొక్కితే అది దినానికి కొంచెం చస్తాది."

ఆయన గుడ్డ మీద ఉన్న క్యామ్ షాఫ్ట్ తీసుకుని గీతల మీద బొటనవేలు నడిపాడు. చీర నేతలో పోగు తెగిన చోటు వెతికే వేలు అది. ఎక్కడ గరుకుగా ఉందో నేను చూపించాల్సిన పని లేకపోయింది.  గుమ్మం దగ్గర నుంచి కోడలు గబగబా అంది, "మేస్త్రీ అట్లే అంటాడులే మామా. ఇనుము కదా, ఎన్నో కారణాలుంటాయి."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఇది?"

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"తెలుసు నీకు. తెలిసీ మాట పడినావు." ఆయన క్యామ్ షాఫ్ట్ జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టి, అంతలోనే మళ్లీ వ్యాపారి అయిపోయాడు. "మాటలతో నేను నమ్మను మేస్త్రీ. బాగు చెయ్యి. బోరు కొట్టకుండానే చెయ్యి. నేను పక్కన కూచోని చూస్తా. ఎనిమిది వేలు తిరిగినాక పొగ రాకుంటే నువ్వు చెప్పింది నిజం."

భాయ్ నన్ను లోపలికి పిలిచి, మళ్లీ పొగ వస్తే షాపు పరువు ఏమవుతుందని అడిగాడు. వస్తే నేను రేపటి నుంచి ఈ షాపు గడప తొక్కనని చెప్పాను. గొప్ప కోసం అన్న మాట కాదు, ఆ అడ్డగీతలు చూశాక నాకు అనుమానం లేదు.

పిస్టన్లు కడిగి, మడ్డి గీకి, కొత్త రింగులు వేశాం. క్యామ్ షాఫ్ట్ బెంగళూరు నుంచి తెప్పించాం. కొత్త రింగులు కుదురుకునేదాకా కొన్ని వారాలు మెల్లగా నడపమని కోడలికి చెప్పాను. ఆమె చెప్పినట్టే నడిపింది. ఆ రోజుల్లో పెద్దాయన కర్పూరం వెలిగించి, తాళం జేబులోనే పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేవాడట.

అనుకున్న రోజున అందరం పెనుకొండ దగ్గర హైవే పక్కన టీ బంకు ముందు కలిశాం. బండిలో రెండే సీట్లు. నడిపేది కోడలు, పక్కన కూర్చునేది మామ. అంటే నా మాటకు పరీక్ష జరుగుతుంటే నేను రోడ్డు పక్కన నిలబడి వినాలి. ధర్మవరం నుంచి వచ్చారు కాబట్టి ఇంజన్ మంచి వేడి మీద ఉంది. "వేగంగా పోవద్దు తల్లీ, రెండో గేరులోనే ఉంచు" అన్నాను. రెండో గేరులో ఎనిమిది వేలు తిరిగినా ఆ బండి ఆర్టీసీ బస్సును దాటేంత వేగంలోనే ఉంటుంది. వేగం వేరు, చుట్లు వేరు, మీరు రెండూ కలిపేయకండి.

వాళ్లు వెళ్లారు. నేను భయపడ్డానా అంటే, లేదు. టీ మాత్రం రెండుసార్లు చెప్పాను, రెండూ చల్లారిపోయాయి. గోరంట్లాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కాసేపటికి అటు వైపు నుంచి మోత మొదలైంది. మొదట లావుగా, తర్వాత సన్నగా, సన్నబడేకొద్దీ పైకి పోతూ, ఇక చాలనుకున్న చోట ఆగకుండా ఇంకా పైకి పోయింది.  ఇన్నేళ్ల పనిలో అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. బండి మా ముందు నుంచి దూసుకుపోయింది. వెనక ఏమీ లేదు. గాలి, దుమ్ము, అంతే.

"పొగ లేదు" అన్నాడు గోరంట్లాయన కళ్లు తెరిచి. అప్పటిదాకా కళ్లు మూసుకున్నవాడికి పొగ లేదని ఎలా తెలిసిందో నేను అడగలేదు.

తిరిగి వచ్చి ఆగారు. పెద్దాయన వెంటనే దిగలేదు. కోడలు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తోంది. నేను తలుపు తీశాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"మేస్త్రీ, ఇన్నాళ్లూ నేను దీని గొంతు ఇంటాండానని అనుకున్నానప్పా. నేను ఇనింది దగ్గు. ఇదీ గొంతంటే." తర్వాత కోడలి వైపు చూసి, "నువ్వొక్కదానివే ఇన్నాళ్లూ ఇదంతా ఇన్నావు, నాకు చెప్పనే లేదే" అన్నాడు.

"మీరు పక్కన ఉంటే తొక్కనియ్యరు కదా మామా" అంది ఆమె.

నేను నిరుడు పని మానేశాను. మొన్న ఒక పెళ్లికి ధర్మవరం పోయి, పొద్దున్నే వాళ్ల వీధికి వెళ్లాను. పెద్దాయన అప్పుడే స్నానం చేసి వచ్చి, కారు ముందు కర్పూరం వెలిగించి, కళ్లకద్దుకుని, పక్క సీట్లో కూర్చున్నాడు. కోడలు బండి తీసింది. నన్ను చూసి ఆగారు. రెండే సీట్లు కాబట్టి నన్ను ఎక్కించుకోలేకపోయినందుకు ఆయన చాలా బాధపడ్డాడు. బత్తలపల్లి జంక్షన్ దాకా పోయి రావడం ఇప్పుడు రోజూ ఉందట. ఎదురింటి మగ్గం ఆయన వేరే అలారం కొనుక్కున్నాడట.

"అంతదూరం ఎందుకయ్యా? పూజ ఈడే అయిపోయింది కదా?" అని ఏడిపించాను.

"ఏడ అయిపోయింది?" అన్నాడాయన, నూనె వేడి చూపించే ముల్లు మీద నుంచి కన్ను తీయకుండా. "ఇంగా ఎచ్చగా కాలేదు. అయినాక ఈయమ్మకు నేనే చెప్తా, ఇంగ తొక్కు తల్లీ అని."